నాలుగు నుంచి మొదలు

నా టేపుకి మొదటి మూడంగుళాలు లేవు.
ఏ పండగ రద్దీలోనో నా కత్తెర కిందే తెగింది.
కొత్తది ముప్పై రూపాయలు,
తీసివేత ఉత్తినే వస్తుంది.
పదకొండేళ్ళుగా కణపాక ఆడవాళ్ళ కొలతల్లోంచి
మూడు తీసి రాసుకుంటున్నాను.
ఒక్క జాకెట్టూ వదులని వెనక్కి రాలేదు.

ఈ వాటాకి ముప్పై నాలుగు మెట్లు.
పంతొమ్మిదో మెట్టు మీద బియ్యం సంచీ దించి
మా తవిటినాయుడు కాసేపు గోడని పట్టుకుంటాడు.
జూట్ మిల్లు మగ్గాలు ఆయన చెవులు తినేశాయి,
గుసగుసగా చెప్పిన మాట వీధి చివరికి వినిపిస్తుంది:
"ఒలే, మోకాళ్ళు పన్జేస్తన్నప్పుడే దిగిపోవాలే!"

దిగడమంటే చీపురుపల్లికి.
రైలు గేటు దాటాక ఒక గది, వంటిల్లు, చిన్న వసారా,
గుమ్మం ముందు ఒక్కటే మెట్టు.
బయానా ఇచ్చేశాం. మిగతాది మాఘమాసానికి.

మాఘం దాకా మా ఇంట్లో ఏదీ ఒక్కసారితో చావదు.
బియ్యం కడుగు కరివేపాకు కుండీలోకి పోతుంది.
అరిగిన సబ్బు కొత్త సబ్బు వీపెక్కి కూచుంటుంది.
పొద్దున్న చోడి అంబలి,
రాత్రికి ఏం మిగిలితే అది,
ఆదివారం గుప్పెడు ఎండు మెత్తళ్ళు.
అవి వేగుతున్నప్పుడు తలుపు మూస్తాను,
వాసన కూడా మనదేగా, ఊరికే పోనివ్వడం దేనికి.
పోయినసారి గ్యాసు బండ యాభై ఎనిమిది రోజులొచ్చింది.
మిల్లు బోనసు పడినట్టు
ఆయన వీధంతా చెప్పుకొచ్చాడు.

పక్కవాటా శశిరేఖకి మేమంటే జాలి.
"ఏటి పిన్నీ, ఈ వయసులో కూడానా?"
ఈ వయసులోనే గుంటా,
అంతకుముందు దాచడానికి ఏటుండేదని?

మొన్న గురువారం నాకు పెళ్ళి జాకెట్లు తొమ్మిది.
టేపు మెళ్ళో వేసుకుని
ఆయనొక్కడే పాసింజరెక్కాడు.
సాయంత్రం కేలెండరు వెనక
ఇల్లంతా పెన్సిలుతో గీసి తెచ్చాడు.
మంచం ఇక్కడ. మిషను వసారాలో, వెలుగున్న వైపు.
కిటికీకీ మూలకీ మధ్య గోడ ముప్పైమూడంగుళాలు,
అక్కడ బీరువా.
"అంగుళం మిగుల్తాదే కూడా!
కిటికీ రెక్క తీసుకుంటే ఫేనుతో పన్లేదు!"

బీరువా ముప్పైరెండని చెప్పింది నేను, తీసేసి.
గోడ ముప్పైమూడని చదివింది ఆయన, తీసెయ్యకుండా.

ముప్పై.

ఆయన చొక్కా గుండీ కుడుతూ
సూది అక్కడే ఆపాను.

లాకౌటు ఎత్తేసిన ఏడు బకాయిలతో కొన్న బీరువా అది.
రిక్షాకి డబ్బులు దండగని
నలుగురు మోసుకొచ్చారు, టీ నీళ్ళకి.
అద్దం మీద నా బొట్టుబిళ్ళల జిగురు మరకలు,
అడుగు అరలో ఎవరికీ పనికిరాని జాకెట్టు ముక్కలు,
ఆయన మిల్లు బిళ్ళ, నెంబరు సగం అరిగింది.
అప్పులాళ్ళు గుమ్మంలో కూచున్న రోజు కూడా
దాన్ని అమ్మలేదు.

గోడకి అది పెడితే కిటికీ తెరుచుకోదు.
కిటికీ తెరిస్తే అది ఈ ఊళ్ళోనే
పాత ఇనుం తక్కెడ ఎక్కాలి, కిలోల లెక్కన.
వసారాలో పెడదామంటే జల్లు కొడుతుంది.
మూడు రోజులై మనసులో
అటూ ఇటూ జరుపుతున్నాను,
ఎటు జరిపినా రెండంగుళాలు బయటికే.

చెప్పాలి. గట్టిగా అరిచి చెప్పాలి,
లేకపోతే వినపడదు.
అరిస్తే శశిరేఖకీ తెలుస్తుంది.

ఇప్పుడు తొమ్మిది దాటింది.
నేల మీద కాగితం పరుచుకుని
బీరువా గీతల్ని మళ్ళీ దిద్దుతున్నాడు,
తాళం రంధ్రం కూడా పెట్టాడు.
రోజూ ఈపాటికి లైటు ఆర్పమని
చెయ్యి ఊపి చెబుతాను.

టేపు చుట్టి మిషను సొరుగులో పెట్టాను.
లైటు జోలికి పోలేదు.