దగ్గరచూపు

బోర్డు మీద అక్షరం చూపించి
పాత్రో గారి అబ్బాయి "పఢంతు" అన్నాడు.
సున్న, అన్నాను.
కాదట. ఠ అట.
మా ఠకి నెత్తిన తలకట్టుంటుంది, కడుపులో చుక్కుంటుంది,
మీది వట్టి చట్రమే కదయ్యా!
నవ్వి, ఇంకో గాజుబిళ్ళ మార్చాడు.

ఇరవయ్యారేళ్ళుగా పర్లాకిమిడిలో రవికలు కుడుతున్నాను.
ఒడియా మాటొచ్చు, బేరమొచ్చు, తిట్టొచ్చు,
అక్షరంతోనే ఎప్పుడూ పని పడలేదు.
కొలతల పుస్తకం తెలుగులోనే.
పేర్లు కూడా నేను పెట్టుకున్నవే:
పొడుగు చేతులావిడ, మెట్టవీధి టీచరమ్మ,
మెడ లోతొద్దనే కోడలు.

ఏడాదిగా సూది బెజ్జం నాతో మాట్లాడ్డం మానేసింది.
కుంతల కొడుకు టుకునా, రెండో తరగతి గుంటడు,
బడికెళ్తూ పది సూదుల్లో దారమెక్కించి
క్యాలెండరుకి గుచ్చి పోతాడు.
కూలి రెండు బిస్కెట్లు.
పదకొండో సూది కావాల్సొస్తే
సాయంత్రం బడి గంట దాకా ఆగాలి.

కొంగుముడిలో తొమ్మిదొందలు.
అందులో రెండొందలు గేసుబండవి, ముట్టకూడదు.
దూరానికీ దగ్గరికీ కలిపిన అద్దం పదమూడొందలు.
ధర చీటీ చివరి రెండు సున్నల్నీ
ఠ, ఠ, అని చదివాను.
అబ్బాయికి మళ్ళీ నవ్వొచ్చింది గానీ
ధర తగ్గలేదు.

చూడ్డానికి డబ్బుల్లేవు, చూడండి, అని
ఇనప చట్రం ముక్కుమీద పెట్టి గుమ్మంలోకి పంపాడు.
బజారు చివర కొండ.
రోజూ అక్కడే ఉంటుంది, నీలం గుడ్డ ఆరేసినట్టు.
ఇవాళ దానికి చెట్లున్నాయి.
చెట్ల మధ్య ఎర్రటి దారి,
దారిమీద ఏదో కదుల్తోంది, మేకో మనిషో.
ఎంతసేపు నిలబడ్డానో,
"మౌసీ" అంటూ కూరల గంపావిడ పక్కకి తప్పుకోమంది.
చట్రం తీసి ఇచ్చేశాను.
కొండ మళ్ళీ గుడ్డయింది.

కొండని నేనేమీ కుట్టనక్కర్లేదు.
దగ్గరికి ఒక్కటే ఇవ్వు బాబూ.

మూడొందల యాభై లోపు ఫ్రేములు అడుగు అరలో ఉంటాయి,
వంగితేనే అందుతాయి.
ఖాళీ ఫ్రేముతో అద్దంలోకి చూస్తే
అందులో ఉన్నది నేనో, మా పెద్దప్పో తెలీదు.
అద్దాలు లేనిదే మొహం కనపడదు,
ఫ్రేము నచ్చనిదే అద్దాలు బిగించరు.
దేన్ని పెట్టుకున్నా అబ్బాయి "సుందర దిశుచి" అంటాడు.
ఒకదాన్ని తిరగేసి పెట్టుకున్నాను. దానికీ అదే.
కడాకి వేళ్ళతో ఎంచాను, బట్ట ఎంచినట్టు:
అంచు గరుకు, కీలు బిగువు, చెవి వెనక ఒరిపిడి.
నల్లదనుకున్నాను.
శుక్రవారం తెచ్చుకున్నాక తెలిసింది, కాఫీగింజ రంగు.

ఆ రాత్రి కుంతల రవిక తీశాను.
పోయిన దసరాకి కుట్టింది, చంక బిగువైందని తెచ్చింది.
కుట్టు వంకర్లు తిరిగి, ఒకచోట
గుడ్డ దాటిపోయి, భయమేసి వెనక్కొచ్చినట్టుంది.
ఏడాది పొడుగునా వీధి వీధంతా
నా వంకర్లని వంటిమీద వేసుకు తిరిగింది.
డబ్బు చేతిలో పెట్టారు. ఒక్కరూ నోరెత్తలేదు.
కుంతల కూడా, బిగువు అంది, అంతే.
మొత్తం విప్పేసి కుట్టాను.
లైటు ఎప్పుడార్పానో గుర్తులేదు.

పొద్దున్న టుకునా వచ్చాడు.
పది సూదులకీ దారాలున్నాయి అప్పటికే.
సంచీ దింపకుండా నిలబడ్డాడు,
ఒకసారి నా ముక్కువైపు, ఒకసారి బిస్కెట్ల డబ్బావైపు చూస్తూ.
ఇలా రా, మీ ఠ రాసి చూపించు, అన్నాను.
మార్కింగు సుద్దతో బల్లమీద చుట్టాడు.
కొసలు కలవలేదు, సన్నగా సందుంది.
నాకు కనపడింది.
మధ్యలో చుక్క పెట్టి, ఇది మాది, అన్నాను.
వాడు చుక్కని వేలితో చెరిపేశాడు.
రెండు బిస్కెట్లిచ్చాను.