వాయిదా

కడప జైలు నుంచి జమ్మలమడుగు కోర్టుకు
ఒకే బేడీ. వాని కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి.

పద్నాలుగు మందిని నరికిన ఓబులేసు
కిటికీ పక్క సీటు అడిగినాడు.

ఎర్రగుంట్ల కాడ నాపరాళ్ళ గుట్టలు చూపించి
"మా నాయన ఈడనే బండలు కొట్టినాడు సార్,
దినానికి పన్నెండు రూపాయలు.
నాకు మొదటి తలకాయకే ఇరవై వేలు.
సగం ముందు. సగం పేపర్లో పడినాక."

ఆ రెండో సగం ఎగ్గొట్టినోని పేరు
ఇంటిపేరుతో సహా చెప్పినాడు.
చచ్చినోని పేరు అడిగితే
"చానా ఏండ్లాయె సార్."

బుడ్డలు కొనిస్తే ఒలుచుకున్నాడు.
వాడు తిన్నప్పుడల్లా
నా చెయ్యి వాని నోటిదాకా లేచింది.

పెన్నా బ్రిడ్జి మీద డ్రైవర్ బ్రేకేస్తే
ముందుకు పడబోయిన నన్ను
ఆ చెయ్యే పట్టి నిలిపింది.
"బద్రం సార్."

కోర్టు మెట్ల మీద చూసుకుంటే
నా ఖాకీ నిండా బుడ్డల పొట్టు.