పదకొండు పలకలు

ముప్పై ఏళ్ళు ఆటోనగర్లో, లేతు మీద
లారీ బోల్టులకు మరలు కోశాను.
ఎక్స్‌రేలో నా వెన్నులోవి చూసి
"పిచ్ కుదిరింది" అంటే
డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే గొట్టం తీసేసి
లేవమంది కెజియా.
"ఇప్పుడేనా?" అంది సైదాబీ,
నాకంటే ముందు భయపడి.
"పడున్న బండికే తుప్పు, బాబాయ్"
నిన్న నేనన్న మాట నాకే అప్పజెప్పిందా పిల్ల.

గచ్చు పలకలు లెక్కపెట్టాను.
నాలుగు. చెమట. కళ్ళు తిరిగి మళ్ళీ మంచం.
సాయంత్రం ఏడు.
మూడో రోజు పదకొండు, కిటికీ.
కింద ఏలూరు కాలవ ఒడ్డున
ఎవడో కుర్రాడు స్కూటర్ని తన్నుతున్నాడు,
ఇంజను అందుకోవడం లేదు.
ప్లగ్గు తుడవరా, అన్నాను అద్దం ఇవతల నుంచి.

ఊపిరితిత్తిలో మొదలైంది పోలేదు.
ఇంకే ఎముకలో దాక్కుందో స్కానింగుకే ఎరుక.
డాక్టరమ్మా దాచలేదు:
ఇది నయం చెయ్యడం కాదు, నిలబెట్టడం.
తెలుసమ్మా.
మేం చేసే రిపేర్లు సగం
బండి కొత్తదవడానికి కాదు,
లోడు దింపి ఇల్లు చేరడానికి.

రేపు మెట్లట.
మా ఇంటికి పద్నాలుగు.
సైదాబీకి మోకాళ్ళ నొప్పులు,
మెల్లగా ఎక్కాలి ఇద్దరం.