నీలిరాయి మేడ

మోకాలి ఆపరేషనైన మనిషికి
ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసుకున్నాం:
మెట్టు లేని బాత్రూము,
పట్టుకుని లేవడానికి గోడకి ఒక కడ్డీ,
వేడినీళ్ళు, చప్పుడు చెయ్యని ఏసీ,
మంచం దగ్గరికే పొద్దుటి కాఫీ.
చివర ఇందుమతి తన చేత్తో కలిపింది:
"జన్మకొక్కసారి, టబ్బు."

ముప్పై నాలుగేళ్ళు పురుళ్ళ వార్డులో
ఎవరెవరి పిల్లలకో మొదటి స్నానం పోసిన మనిషి.
డ్యూటీ దిగొచ్చి తను మాత్రం
రెండు చెంబుల్లో ముగించేది.
కాదనడానికి నేనెవర్ని?

టెక్కలిలో మొదటి లాడ్జికి లిఫ్టుంది,
అందులో సిమెంటు బస్తాలున్నాయి.
రెండోదాంట్లో గీజరుంది, మీట లేదు.
కూర్మారావు కారు వెనక్కి తిప్పుతూ
"అంత దూరం నుంచొచ్చిన పిట్టలకి చింతకొమ్మ సాల్తాది.
మీకేటి బాబూ ఇన్ని కావాల?" అన్నాడు.
నేను నవ్వలేదు.

తేలినీలాపురం ఇంకో కిలోమీటరుందనగా
కొబ్బరితోట వెనక ఆ మేడ.
గ్రానైటు షావుకారు కట్టించుకున్నది.
నేల నీలిరాయి, గోడ నీలిరాయి,
సబ్బు పెట్టుకునే గూడు కూడా.
రాత్రికి ఏడువేల ఐదొందలు.
"వైజాగులో దొరకదు సార్ అలాంటి టబ్బు,
ఓడలో తెప్పించాను" అన్నాడు ఫోనులో.
ఓడరేవులో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి,
ఓడలో వచ్చిందంటే నాకు గౌరవం.

తాళాలు తెచ్చిన దాలమ్మ కొంగుకి చేపల వాసన.
ఏసీ చూపించింది, పరుపు నొక్కి చూపించింది,
స్నానాలగది తలుపుకి మాత్రం
వీపు ఆనించి నిలబడిపోయింది.
"అది సెడిపోనాది బాబూ."
లోపల్నుంచి గురకలాంటిదేదో.
ఇందుమతి ఆవిడ భుజం మీదుగా చెయ్యి చాపి తలుపు తోసింది.

తెల్లటి టబ్బులో గోనెపట్టా మీద
గూడబాతు పిల్ల.
ఒంటికి మించిన ముక్కు, దూదిపింజ నూగు,
రెక్కకి పుల్లముక్క కట్టు.
"గాలికి గూట్లోంచి పడిపోనాదమ్మా. కింద కుక్కలు.
ఫారెస్టోలు రేపొస్తామన్నారు, మొన్న.
మా ఇంటికాడ ఒకటే గది, పిల్లొకటుంది.
షావుకారికి సెప్పకండి."

ఏడువేల ఐదొందల గురించి నేను నోరు తెరిచేలోగా
ఆవిడ టబ్బు అంచున కూచుంది,
వంగని కాలు బార్లా చాపి.
"ఎవరు కట్టారీ కట్టు?"
"నానే."
"ఇలా బిగిస్తే రక్తం ఆడదు. మెత్తటి బట్ట తే."
బట్ట వచ్చేదాకా ఆగలేదు,
షావుకారి పేరు కుట్టిన తువ్వాలు పర్రున చీలింది.
ఆ గొంతు నాకు తెలుసు.
రిటైరైన రోజు నుంచి మా ఇంట్లో వినపడలేదు.

ఆ రాత్రి కరెంటు పోలేదు.
ఏసీ చప్పుడు చెయ్యలేదు.
అంతా కాగితంలో రాసినట్టే ఉంది,
మంచంలో సగం ఖాళీ తప్ప.
రెండింటికొకసారి, నాలుగింటికొకసారి
గోడకున్న కడ్డీ పట్టుకుని లేస్తోంది, కూచుంటోంది.
"తల ముందు పోవాలి లోపలికి,
తోక ముందైతే ముళ్ళు అడ్డం పడతాయి"
అని దాలమ్మ నేర్పుతుంటే
"ఊఁ, ఊఁ" అంటూ.

తెల్లారి నేను పెరట్లో,
మిగిలిపోయిన నీలిరాయి పలక మీద కూచుని
పొయ్యి మీద కాగిన నీళ్ళు
రెండు చెంబుల్లో ముగించాను.
తలమీదుగా నౌపడ ఉప్పుమళ్ళ వైపు
బారుకట్టి పోతున్నాయి పెద్దవి.
ఒకటి గురి చూసి రెట్ట వేసింది.
మూడో చెంబు పోసుకున్నాను.

రెండు రాత్రులనుకున్నది నాలుగయింది.
బిల్లులో కింద వరస:
తువ్వాలు ఒకటి, మూడొందల యాభై.
ఇందుమతి ఆ కాగితం మడిచి
మందులచీటీల మధ్య దాచుకుంది.
కారెక్కాక కూర్మారావు అడిగాడు,
"టబ్బు బాగుందా అమ్మా?"
"చాలా" అంది,
చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటూ.