పద్నాలుగో స్తంభం

కంచరపాలెం మెట్టు దాటాక, ఐటీఐ గోడ పక్కన
పద్నాలుగో స్తంభం.
వానలు దిగేలోపు గూళ్లన్నీ పీకెయ్యమని ఆర్డరు.
లైన్ క్లియర్ తీసుకుని, బెల్టు బిగించి ఎక్కాను.
హెల్మెట్ మీద టకామని పొడిచింది కాకి.
"ఉండవే తల్లీ" అన్నాను.

గూడంటే పుల్లలనుకుంటారు.
సగం అల్యూమినియం.
పోయినేడు నేనే కత్తిరించి కింద పారేసిన తీగముక్కలు,
నా కటింగ్ ప్లయరు పంటిగాట్లు ఇంకా ఉన్నాయి.
లోపల కొబ్బరిపీచు, ఎవరిదో జడరిబ్బను,
నాలుగు గుడ్లు.
మూడు నీలం కలిసిన ఆకుపచ్చ.
ఒకటి కాస్త పొట్టిది, బూడిదరంగు మీద తుప్పు మరకలు.

తుప్పు మరకలుంటే ఎవరిదో నాకు చెప్పింది
యూనివర్సిటీలో చదివే షాహీన్.
పాత స్కూటీ మీద మల్కాపురం నుంచి భీమిలి దాకా
కాకిగూళ్లు లెక్కపెడుతుంది ఆ పిల్ల.
వేప మీద ఇన్ని, బాదం మీద ఇన్ని,
హుద్‌హుద్‌కి చెట్లు కూలిన వీధుల్లో
స్తంభాల మీద ఇన్ని.
కాగితం మీద చుక్కలు కలిపి చూపించింది.
అచ్చం మా సబ్‌స్టేషను పటం!
"కరెంటు ఎందాకో కాకి అందాక,
కాకి ఎందాకో కోయిల అందాక, అన్నా."

ఇంకో మాటా అంది.
కోయిలమ్మా కోయిలమ్మా అంటామే,
పాడేది అమ్మ కాదట.
ఎర్రకళ్ల నల్లోడు ఎదురు కొమ్మ మీద గొంతు చించుకుని
కాకుల్ని తన వెంట తిప్పుకుంటే
చుక్కలచీర ఆవిడ సడి లేకుండా వచ్చి
ఫ్యూజు వేసినంత సేపట్లో
పని ముగించుకుని పోతుందట.

ఆ గుడ్డు వేళ్లతో తీశాను.
వెచ్చగా ఉంది.
మిగతా మూడూ అంతే వెచ్చగా.

కింద నుంచి బంగార్రాజు మావ:
"ఏటిరా, ఏటి సేస్తన్నావక్కడ?"
"ఏటీ లేదు మావా. పాత గూడు."

వేలాడుతున్న తీగముక్కలు మాత్రం లాగి
జేబులో వేసుకున్నాను.
రిజిస్టర్లో రాశాను:
పద్నాలుగు, గూడు తొలగించడమైనది.

ఆషాఢంలో ఒక రాత్రి ఆ ఫీడరే ట్రిప్పయింది.
వీధంతా తిట్టింది.
గాలి వల్ల అని రాశాను.
గాలి ఉన్నమాటా నిజమే.

ఇవాళ పొద్దున్న
ఐటీఐ గోడ మీద అదే కాకి.
వెనకాలే, ఒంటినిండా పాలచుక్కలతో
నోరు తెరుచుకుని గంతులేస్తూ ఒక పిల్ల.
నోట్లో ఇడ్లీముక్కతో కాకి
నా వంక చూసింది.

నేను హెల్మెట్ పెట్టుకున్నాను.