కప్పు మీద నీళ్ళు

జొహన్నెస్‌బర్గ్‌లో, జెప్పీస్‌టౌన్ రైలు పట్టాలకి
వీపు తిప్పి నిలబడ్డ మూడంతస్తుల ఎర్ర ఇటుకల భవనం నాది.
కింద ఫికిలే తాళాల దుకాణం,
పక్కన శవపేటికల లోపలికి పట్టుగుడ్డ కుట్టే అక్కచెల్లెళ్ళు,
మధ్యలో అచ్చు యంత్రం,
పైన ఆదివారాలు మాత్రమే నిండే చర్చి.
కాగితాల మీద యజమానిని నేను, ఇల్డా ఫెరేరాని.
నిజానికి ఈ భవనమే నన్ను అద్దెకు తీసుకుంది.

కరెంటు కోతలు ముదిరిన ఏడాది
పెళ్ళికూతురి పేరు సగం పడ్డాక
అచ్చు యంత్రం ఆగిపోయేది.
అద్దె కూడా సగమే వచ్చేది.
అప్పు చేసి నలభై సోలార్ పలకలు ఎక్కించాను.
ఆ మధ్యాహ్నం ఎండ చూసి
ఎవరో నాకు జీతమిస్తున్నట్టు నవ్వుకున్నాను.

పదకొండో రాత్రి ఆరు పలకలు పోయాయి.

ఆ తర్వాత నేనేం చేయలేదో చెప్పండి.
చుట్టూ ముళ్ళతీగ, నాలుగు మూలలా కెమెరాలు,
రాత్రి కాపలాకి కుడ్జాయి.
కప్పు మీదికెళ్ళే ఇనుప మూతకి
నాలుగు వైపులా వెల్డింగ్.
బీమా ఆయన ఫోటో తీసుకుని శభాష్ అన్నాడు,
ప్రీమియంలో పన్నెండు శాతం తగ్గించాడు.
దొంగకి దారి లేదు.
నాకూ లేదని అప్పుడు తట్టలేదు.

కుడ్జాయి మితభాషి.
నవంబరులో ఓ పొద్దున డ్యూటీ దిగుతూ
"అమ్మా, రాత్రి పైన ఏదో కదులుతోంది" అన్నాడు.
కెమెరాలన్నీ తిరగేశాను.
వీధి, గేటు, పట్టాలు, పక్క గోడ మీద ఒక పిల్లి.
"ఎవరూ లేరయ్యా."
"మనిషి కాదేమో" అన్నాడు, టీ గ్లాసు కడుక్కుంటూ.
వారం తిరక్కుండా మళ్ళీ అదే మాట.
చెవిలో జోరీగవి నువ్వు, అని కసిరాను.

చర్చిలో, తెరిచిన పుస్తకం మీద
ఒక చుక్క పడిందట.
మొదట దాన్ని దీవెన అనుకున్నారట.
రెండో ఆదివారానికి దీవెన బకెట్టు నిండింది.

ఫికిలే కట్టర్ పట్టుకుని నిచ్చెన ఎక్కింది.
డబ్బిచ్చి వేయించిన అతుకుల్ని
డబ్బిచ్చి కోయిస్తుంటే
నిప్పురవ్వలు నా జుట్టులో రాలాయి.

పైన ఆకాశం రెండుంది.
ఒకటి ఎప్పటి చోటే.
ఇంకొకటి మడమల లోతున, కప్పు నిండా,
ముప్పై నాలుగు పలకల కాళ్ళు నానబెట్టుకుని.
అంతటా ఊదారంగు. జాకరండా పూలు,
వీధి చివరి చెట్లవి, గాలి తెచ్చి పోసినవి,
కుళ్ళి, ముద్దయి, తూముకి అడ్డం పడ్డవి.
వాటి నడుమ ఎవరి పిల్లదో టెన్నిస్ బంతి,
కొలత తీసి పెట్టినట్టు తూము నోట్లో.
కుడ్జాయి బూట్లు విప్పి దిగాడు.
మోచేతి దాకా ముంచి లాగాడు.
భవనం మొత్తం ఒక గుటక వేసింది.

నీళ్ళు తగ్గాక కనబడ్డాయి,
పోయిన ఆరింటి చోట, పీకేసిన బోల్టుల చోట
ఇరవై నాలుగు చిల్లులు, తారుపొర మీద నోళ్ళు తెరుచుకుని.
దొంగలు పట్టుకెళ్ళింది లెక్కపెట్టాను గానీ
వదిలి వెళ్ళింది చూడలేదు.
నా కెమెరాలన్నీ బయటికే చూస్తున్నాయి.
వాన పైనుంచి వస్తుందని
అరవై రెండేళ్ళదానికి ఎవరు చెప్పాలి?

ఇప్పుడు మూతకి కీళ్ళున్నాయి, ఫికిలే చేసిన తాళం ఉంది.
చెవులు రెండు. ఒకటి కుడ్జాయి మొలలో.
శుక్రవారం సాయంత్రాలు చీపురుతో ఎక్కుతాడు.
బీమా ఆయన ఆ పన్నెండు శాతం వెనక్కి లాక్కున్నాడు.
ఖాతా పుస్తకంలో దాన్ని 'పూల పన్ను' అని రాసుకుంటున్నాను.
చిల్లులు పూడ్చాం, చర్చి వాళ్ళు మాత్రం
బకెట్టు తీయలేదు. కానుకలు అందులోనే వేస్తున్నారు.

నిన్న రాత్రి ఉరుములు.
రెండింటికి ఫోన్ చేశాను.
"కుడ్జాయీ, పైన ఏమైనా కదులుతోందా?"
జవాబు రాలేదు.
ఫోన్‌ని గొట్టం దగ్గర పెట్టినట్టున్నాడు.
గలగలా, మూడంతస్తులూ ఆగకుండా,
ఎవరి తలుపూ తట్టకుండా
దిగిపోతున్నాయి నీళ్ళు.