కాఫీ పొంగేలోపు

పోర్టోలో నదికి ఎగువన, ఏటవాలు వీధి, మూడో అంతస్తు.
ఫెలిస్మీనా పింగాణీ పలకల మీద
నీలం బొమ్మలు వేసే మనిషి.
పదకొండు నెలలుగా కుంచె బిరుసెక్కి
పుల్లలా పడుంది.

గొప్ప ఒట్లేమీ పెట్టుకోలేదు.
రాత్రి ఫోన్ని రొట్టెల డబ్బాలో పడేసి మూత పెట్టింది, అంతే.
తెల్లారి చెయ్యి అలవాటుగా దిండు కింద తడుముకుని
ఏమీ దొరక్క
కిటికీ గడియ మీదికి పోయింది.

మర్నాడు కుర్చీని జానెడు జరిపింది.
గోడకి వీపు, నది మీది మంచుకి ముఖం.
ఆ మర్నాడు బద్ధకం.
డబ్బా మూత తీసి గంటన్నర పారేసుకుంది.
అబద్ధమెందుకు, రెండు గంటలు.

తర్వాత తనతో తనే బేరమాడింది:
కాఫీ పొంగేలోపు ఒక్క గీత.
రెండోది గీస్తే ఒట్టు.
బేరం కుదిరిన చెయ్యి
వంకరగా ఓ సీగల్ కాలు గీసింది.
కాలు మాత్రమే. పిట్ట రేపు.

రేపు వచ్చింది, పిట్ట రాలేదు.
ఎదురింటి తీగ మీద ఆరేసిన చొక్కా
గాలికి ఉబ్బి, ఎగిరొచ్చి
ఆ ఒంటికాలి మీద నిలబడింది.

కింది వాటా తొమే, ఆరేళ్ల వాడు,
పలకని అటూ ఇటూ తిప్పి అడిగాడు:
"చొక్కాకి కాలెందుకుంది?"
"కాఫీ పొంగిపోయింది నాయనా."

పొయ్యి మీద మరక
ఇంకా అలాగే ఉంది.
తుడవబోయిన గుడ్డ చేతిలోనే ఉంది.
ఆ మరక అంచు, ఎడం పక్కన,
కాస్త ముక్కులా లేదూ?